పాలపుంత ముగ్గు

"అమ్మా, ఇవి చుట్టుకుపోవా?"

డిసెంబరులో ఓ రాత్రి మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఆరో తరగతి చదువుతోంది. బళ్లో సైన్స్ ప్రాజెక్టట. నల్ల చార్టు మీద దూది అతికించి గెలాక్సీ తయారుచేస్తోంది. మధ్యలో ఓ ముద్ద. దానికి అటొకటీ ఇటొకటీ మెలికలు తిరుగుతూ రెండు చేతులు. 2025 నవంబరులో పుణెలోని శాస్త్రవేత్తలు జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో ఇలాంటి గెలాక్సీనే ఒకదాన్ని కనిపెట్టారు. దానికి 'అలకనంద' అని పేరుపెట్టారు. విశ్వం పుట్టిన నూటయాభై కోట్ల ఏళ్లకే అంత చక్కని చేతులు ఎలా వచ్చాయా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ వార్త పేపర్లో చూసినప్పట్నుంచీ మా అమ్మాయికి అదే లోకం.

"లోపలి నక్షత్రాలు చుట్టు తిరిగి తొందరగా వచ్చేస్తాయి. బయటివి ఆలస్యంగా వస్తాయి. అలాంటప్పుడు నాలుగు చుట్లు తిరిగేసరికి ఈ చేతులు దారపుండలా చుట్టుకుపోవాలి కదా! మరి ఫొటోలో అలా లేవేం?"

నిజమే. ఎందుకు లేవు?

ఆవకాయ నుంచి హీరోయిన్ల ఇంటర్వ్యూల దాకా అన్నీ రాసే ఉద్యోగం నాది. చదివింది మాత్రం జర్నలిజంలో డిప్లొమా. ఇలాంటి ప్రశ్నలకు నాకు తెలిసిన సమాధానం ఒకటే... "తాతయ్యని అడుగు."

ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే, ఆ తాతయ్యతో నేను సరిగా మాట్లాడి అప్పటికి రెండేళ్లు.

* * *

మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తెనాలి దగ్గర పల్లెటూళ్లో అమ్మా ఆయనా ఉంటారు. మా మధ్య గొడవేమీ జరగలేదు. జరిగుంటే బాగుండేదేమో, ఎవరో ఒకరు సర్దిచెప్పేవారు. జరిగింది చాలా చిన్న విషయం. ఏటా భోగి రాత్రి భోజనాలయ్యాక నాన్న పడక్కుర్చీలో కూర్చుంటారు. నేను గడప మీద కూర్చుంటాను. ఓ పది నిమిషాలు ఊరి సంగతులు అవుతాయి. తర్వాత ఆయన పైకి చూస్తూ అంటారు, "ఆ డిప్లొమా బదులు బీఈడీ చేసుంటే ఈపాటికి..."

అంతే. వాక్యం పూర్తి కూడా చేయరు.

మొదటిసారి నవ్వేశాను. రెండోసారీ నవ్వాను. పదకొండేళ్లపాటు అదే రాత్రి, అదే కుర్చీ, అదే వాక్యం. సంక్రాంతికి నాలుగు రోజులుండేదాన్ని మూడు రోజులకొచ్చాను. తర్వాత రెండు. తర్వాత 'పండగ పూటా డ్యూటీ ఉంది నాన్నా' అని ఫోన్లో చెప్పాను. రెండు సంక్రాంతులకి సెలవు దొరకలేదన్నాను. నిజం చెప్పాలంటే సెలవు దొరికింది.

ఆ రెండేళ్లూ వారం వారం అమ్మే ఫోన్ చేసేది. "నాన్నగారు బాగానే ఉన్నారు" అనేది. ఆయనా పక్కనే ఉండేవారు. ఫోన్ మాత్రం చేతులు మారేది కాదు.

ఆ రాత్రి మా అమ్మాయే నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. ప్రశ్న విని నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మంచి ప్రశ్న. నాకు తెలీదు. రెండ్రోజులు టైమివ్వు" అన్నారు. తెలీదనే మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

మూడోరోజు పొద్దున్నే నా ఫోన్ మోగింది. ఆయనే. "కాగితం, పెన్నూ తీసుకో" అన్నారు, నేనింకా ఏడో తరగతిలోనే ఉన్నట్టు.

* * *

ఆయన చెప్పినవీ, ఆ తర్వాత నేను చదువుకున్నవీ కలిపి రాస్తున్నాను.

సూర్యుడు పాలపుంత మధ్య నుంచి దాదాపు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. సెకనుకి 230 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నా ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 23 కోట్ల ఏళ్లు పడుతుంది. పుట్టి 460 కోట్ల ఏళ్లయింది కాబట్టి ఇప్పటికి ఇరవై చుట్లు తిరిగుంటాడు. మనకంటే సగం దూరంలో ఉన్న నక్షత్రం కూడా దాదాపు ఇదే వేగంతో పోతుంది. కానీ దాని దారి సగమే కాబట్టి మనం ఒకసారి తిరిగేలోపు అది రెండుసార్లు తిరిగొస్తుంది. పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్లకు పైమాటే. చేతులనేవి నక్షత్రాలతో పేనిన తాళ్లే అయితే ఈపాటికి పదుల కొద్దీ మెలికలు పడాలి. మా అమ్మాయి అడిగింది సరిగ్గా ఇదే. శాస్త్రవేత్తలు కూడా దీన్ని 'చుట్టుకునే చిక్కు' అనే అంటారు.

గెలాక్సీకి ఇలా మెలిక తిరిగిన చేతులుంటాయని మొదట చూసినవాడు ఐర్లాండుకు చెందిన లార్డ్ రాస్. 1845లో తన కోటలో ఆరడుగుల అద్దంతో టెలిస్కోపు కట్టించుకుని, 'ఎం51' అనే మబ్బుతునకను చూసి బొమ్మ గీశాడు. అది సుడిగుండంలా ఉంది. అదొక వేరే గెలాక్సీ అని అప్పటికి ఎవరికీ తెలీదు. ఆ సుడి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న పట్టుకుని దశాబ్దాలు గడిపినవాడు స్వీడన్‌కి చెందిన బెర్టిల్ లిండ్‌బ్లాడ్. 1965లో ఆయన చనిపోయేనాటికీ సమాధానం పూర్తిగా దొరకలేదు. ఆయన కొడుకు పెర్ ఊలొఫ్ కూడా ఖగోళ శాస్త్రవేత్తే. 1960 ప్రాంతంలో, కంప్యూటర్లు బీరువాలంత ఉన్న రోజుల్లో, నాన్న పట్టుకున్న ప్రశ్ననే కంప్యూటర్‌కి ఎక్కించాడు.

ఈ సంగతి చెప్పేటప్పుడు నాన్న గొంతు కాస్త మారింది. నాకలా అనిపించిందేమో మరి.

"మరి సమాధానం?" అన్నాను.

"ఫోన్లో చెప్పేది కాదు. సంక్రాంతికొస్తే చెప్తా" అని పెట్టేశారు.

* * *

సమాధానంలో సగం దారిలోనే దొరికింది. పండగ ముందు విజయవాడ హైవే ఎలా ఉంటుందో హైదరాబాదులో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. టోల్‌గేట్‌కి చాలా ముందే బళ్లన్నీ ఆగిపోయాయి. అద్దం దించేసరికి జామకాయలు, వేరుసెనక్కాయలు, మొక్కజొన్న పొత్తులు. మామూలు రోజుల్లో అక్కడ ఒక్క బండీ ఉండదు.

గంటకి మేం గేటు దాటాం. వెనక్కి తిరిగి చూస్తే వరస అలాగే ఉంది. మేం ఉన్నచోట ఇప్పుడు వేరే కార్లున్నాయి.

1964లో అమెరికాలోని ఎంఐటీలో సి.సి.లిన్, ఫ్రాంక్ షు అనే ఇద్దరు చెప్పింది ఇంచుమించు ఇదే. గెలాక్సీ చేయి అంటే ఎప్పుడూ అవే నక్షత్రాలుండే తాడు కాదు. రద్దీ! నక్షత్రాలూ వాయువులూ వెనకనుంచి వచ్చి అందులో చేరతాయి, కొంతకాలం మెల్లగా నడుస్తాయి, ముందు నుంచి బయటపడిపోతాయి. కార్లు మారుతుంటాయి, జామ్ మాత్రం ఉంటుంది. ఆ జామ్ కూడా తనదైన వేగంతో మెల్లగా గెలాక్సీ చుట్టూ తిరుగుతుంటుంది. దీన్నే సాంద్రతా తరంగం అన్నారు. రద్దీలో ఇరుక్కున్న వాయువు నలిగి కొత్త నక్షత్రాలు పుడతాయి. వాటిలో బాగా పెద్దవి నీలంగా ధగధగా వెలుగుతాయి. ఆయుష్షు తక్కువ కావడంతో ఆ రద్దీని దాటి ఎంతో దూరం పోకుండానే ఆరిపోతాయి. చేతులు మనకంత కాంతిగా కనిపించేది అందుకే. జామ్ ఉన్నచోటే జామకాయలమ్మినట్టు!

"మరి ఆ జామ్ ఎందుకొచ్చింది? అక్కడ టోల్‌గేట్ లేదుగా?" అంది మా అమ్మాయి. రెండో సగం నాకు తెలీదు. కారు తెనాలి వైపు తిరిగింది.

* * *

గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నారు. సన్నబడ్డారు. "దారి ఎలా ఉంది?" అన్నారు. "జామ్ నాన్నా" అన్నాను. రెండేళ్ల తర్వాత మేం ముఖాముఖీ మాట్లాడుకున్న మొదటి మాటలవి.

భోగి ముందురోజు సాయంత్రం. అమ్మ కళ్లాపి చల్లి ముగ్గు గిన్నె తెచ్చింది. "ఇవాళ చుక్కల ముగ్గు కాదు, నేను చెప్పినట్టు వెయ్యి" అన్నారు నాన్న. నలభై ఏళ్లలో ఆయన ముగ్గు జోలికి రావడం అమ్మ చూడలేదట! నవ్వాపుకుంటూ కూర్చుంది.

"మధ్యలో ఓ చిన్న కోడిగుడ్డు గియ్యి. దాని చుట్టూ ఇంకాస్త పెద్దది. కానీ ఓ పిసరు పక్కకు తిప్పి గియ్యి. దాని చుట్టూ ఇంకోటి, ఇంకో పిసరు తిప్పి."

అమ్మ చేయి తిరిగిన మనిషి. గీతకి గీత తగలకుండా పదిహేను గుడ్లు గీసింది. లేచి నాలుగడుగులు వెనక్కేసి చూశాం. మా అమ్మాయి కెవ్వున అరిచింది. ముగ్గులో రెండు చేతులు మెలికలు తిరుగుతున్నాయి! ఎవరూ చేతులు గీయలేదు. గుడ్లు మాత్రమే గీశాం. గీతలు దగ్గర దగ్గరగా వచ్చినచోట తెల్లగా చిక్కబడి, అదే చేయిలా కనిపిస్తోంది.

నక్షత్రాల దారి కచ్చితమైన వలయం కాదు. తిరుగుతూ తిరుగుతూనే కాస్త లోపలికీ కాస్త బయటికీ ఊగుతుంది. మన సూర్యుడి చుట్టుపక్కల నక్షత్రాలైతే ఒక చుట్టు తిరిగేలోపు సుమారు ఒకటీ మూడోవంతు ఊపులు ఊగుతాయి. అందుకే బయలుదేరిన చోటికి దారి కలవదు. అయితే మనం కూడా తగిన వేగంతో తిరుగుతూ చూస్తే ఆ దారి కోడిగుడ్డులా చక్కగా మూసుకుంటుంది. రెండు చేతుల గెలాక్సీకి కావలసిన ఆ 'తగిన వేగం' చాలా దూరం వరకూ పెద్దగా మారదని లిండ్‌బ్లాడ్ గమనించాడు. కాబట్టే గుడ్లన్నీ ఇంచుమించు ఒకే తీరుగా తిరుగుతాయి, ముగ్గు తొందరగా చెరిగిపోదు.

"ఇక అసలు సంగతి" అంటూ నాన్న మా అమ్మాయిని వేపచెట్టు ఉయ్యాల ఎక్కించారు. ఇష్టం వచ్చినప్పుడు తోస్తే ఉయ్యాల తడబడింది. వెనక్కొచ్చి ఆగిన క్షణంలో ఒక వేలితో తోశారు. మళ్లీ అక్కడికే వచ్చినప్పుడు మళ్లీ ఒక వేలు. పదో ఊపుకి పిల్ల కాళ్లు కొమ్మల్ని తాకుతున్నాయి.

"చూశావా? వేలితోనే. బలం కాదు, ప్రతిసారీ ఒకే చోట తగలడం. దీన్నే అనునాదం అంటారు."

గెలాక్సీలో ఉయ్యాల నక్షత్రం, వేలు ఆ చేయి. నక్షత్రం తన ఊపు ఒకటి పూర్తిచేసే ప్రతిసారీ సరిగ్గా ఒక చేయి ఎదురైతే, గురుత్వాకర్షణ ప్రతిసారీ ఒకే చోట తోస్తుంది. అలా కుదిరే దూరాలు ప్రధానంగా రెండు. గెలాక్సీ లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. వాటికి లిండ్‌బ్లాడ్ పేరే పెట్టారు. ఈ రెంటి మధ్య, నక్షత్రాలూ చేయీ ఒకే వేగంతో పక్కపక్కనే నడిచే వలయం ఇంకోటుంది. దానికి లోపల నక్షత్రాలు చేయిని దాటిపోతాయి. బయట చేయే నక్షత్రాలను దాటిపోతుంది. లిన్, షు లెక్క ప్రకారం సాంద్రతా తరంగం బతికేది ఈ లోపలి అనునాదానికీ బయటి అనునాదానికీ మధ్యనే. చేయి ఎక్కడ మొదలవ్వాలో ఎక్కడ ఆగాలో గిరి గీసేవి ఇవే. మధ్యలో కడ్డీలాంటి ఆకారమున్న గెలాక్సీల్లోనైతే ఈ అనునాదాలున్న చోట్ల వాయువు పోగై వలయాలు కడుతుంది. ఎన్‌జీసీ 1097 అనే గెలాక్సీ నడిబొడ్డున కొత్త నక్షత్రాలతో వెలిగే అలాంటి వలయం కనిపిస్తుంది. మన పాలపుంతకీ మధ్యలో కడ్డీ ఉంది.

అంతా తేలిపోయిందని కాదు. ఈ చేతులు వందల కోట్ల ఏళ్లు నిలుస్తాయా, లేక కొన్నాళ్లుండి చెదిరి మళ్లీ కొత్తవి పుడతాయా అని వాదన ఇప్పటికీ ఉంది. ఎం51 చేతులు అంత అందంగా ఉండటానికి పక్కనే దాన్ని లాగుతున్న చిన్న గెలాక్సీ కారణమంటారు. కానీ ఒకే చోట పదే పదే తగిలే చిన్న తోపు ఎంత పని చేస్తుందనే దాంట్లో ఎవరికీ సందేహం లేదు.

"అయితే తాతయ్యా, అనునాదం మంచిదేగా?" అడిగింది ఉయ్యాల మీంచి.

"అన్నిసార్లూ కాదు. శని గ్రహం వలయాల్లో నల్లగా ఓ ఖాళీ ఉంటుంది చూడు. 1675లో కాసినీ అనే ఆయన చూశాడు. వెడల్పు 4,700 కిలోమీటర్ల పైనే. శనికి మీమస్ అని చిన్న చందమామ ఉంది. ఆ ఖాళీ లోపలి అంచున ఉండే మంచుముక్క రెండుసార్లు తిరిగేసరికి మీమస్ ఒకసారి తిరుగుతుంది. అంటే ప్రతిసారీ అదే చోట అదే లాగుడు. పాపం, చిన్న లాగుడే. కానీ ఎప్పుడూ అక్కడే తగిలితే అక్కడెవరు నిలబడగలరు? ఖాళీ అయిపోయింది."

గెలాక్సీల కోసం కట్టిన ఈ సిద్ధాంతమే శని వలయాల్లోనూ నిజమని 1980, 81లలో వాయేజర్ నౌకలు పంపిన సమాచారంలో తేలింది. ఆ చిన్న చిన్న సాంద్రతా తరంగాలను తర్వాత కాసినీ నౌక 2004 నుంచి 2017 దాకా మరింత స్పష్టంగా చూపించింది.

నేను మాత్రం అవేమీ ఆలోచించడం లేదు. ఎప్పుడూ అక్కడే తగిలితే అక్కడెవరు నిలబడగలరు... ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

* * *

భోగి రాత్రి. భోజనాలయ్యాయి. పడక్కుర్చీ, గడప, ఊరి సంగతులు. కరెంటు పోయింది. ఆకాశం నిండా చుక్కలు. మా ఊళ్లో గొల్లకావడి అనే మూడు నక్షత్రాలు నడినెత్తికొస్తున్నాయి. అటువైపు కనిపించే వెలుగుల్లో చాలా మటుకు మన సూర్యుడుండే చిన్న చేతిలోవే. పాలపుంత నడిబొడ్డు ధనూరాశి వైపు ఉంటుంది. ధనుర్మాసంలో సూర్యుడే దానికి అడ్డు కాబట్టి ఈ నెలంతా అది కనపడదని నాన్న చెప్పారు. చెప్పి, పైకి చూస్తూ కాసేపు ఊరుకున్నారు.

"ఆ డిప్లొమా బదులు బీఈడీ చేసుంటే ఈపాటికి..."

నేను లేవబోయాను. మా అమ్మాయి తాతయ్య ఒళ్లోంచి తలెత్తింది. "తాతయ్యా, నువ్వు ప్రతి భోగికీ ఇదే అంటావటగా! అమ్మ నాన్నకి చెప్తుంటే విన్నా."

చీకట్లో ఎవరి ముఖమూ కనిపించలేదు. చాలాసేపటికి నాన్న గొంతు వినిపించింది.

"ప్రతిసారీ అంటానా?"

నేను జవాబు చెప్పలేదు.

"నాకు గుర్తే లేదమ్మా" అన్నారు.

ఆయన అబద్ధమాడరు. నిజంగానే గుర్తులేదు. ఆయనకది ఎప్పుడో ఒకసారి అన్న మాట. లెక్కపెట్టుకున్నది నేను. తోసేవాళ్లకి లెక్కుండదు, తగిలేవాళ్లకే ఉంటుంది. మరి మీమస్‌కి మాత్రం తెలుసా తను అంత ఖాళీ చేసిందని?

ఇంకోటి కూడా నిజం. పదకొండేళ్లలో ఒక్కసారైనా 'నాన్నా, ఆ మాట నాకు కష్టంగా ఉంటోంది' అని నేను చెప్పలేదు. నవ్వాను, లేచి లోపలికెళ్లాను, తర్వాత రావడమే మానేశాను. ఆయన లెక్కల మాస్టారు. చెప్పుంటే లెక్క సరిచేసుకునేవారేమో.

"కష్టంగా ఉండేది నాన్నా" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తెలీలేదు.

ఆయన కుర్చీ కిర్రుమంది. లేచి వచ్చి గడప మీద నా పక్కన కూర్చున్నారు. "ఈ గెలాక్సీ సంగతి పేపర్లో రాస్తావా?" అన్నారు. రాస్తానన్నాను. "అంకెలు ఒకసారి నాకు చూపించి రాయి" అన్నారు.

చూపించాను. రెండుచోట్ల సున్నాలు సరిదిద్దారు.

* * *

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉండేది. కానీ హైదరాబాదు తిరిగొచ్చిన రెండోరోజు సాయంత్రం ఆరున్నరకి మా అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతోంది. వంటింట్లోంచి నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది, "ఇవాళ టెస్ట్‌లో ఎన్నొచ్చాయి?"

రోజూ అదే వేళ. అదే గుమ్మం. అదే ప్రశ్న. ఈమధ్య అది వచ్చీరాగానే గదిలోకి ఎందుకు వెళ్లిపోతోందో, ముందు గంటసేపు కబుర్లు చెప్పే పిల్ల ఇప్పుడు ఎందుకు చెప్పడం లేదో నాకు అర్థమయ్యేది కాదు. వయసు అలాంటిదని సరిపెట్టుకున్నాను.

గుమ్మం దగ్గరికెళ్లాను. "రోజూ ఇదే అడుగుతున్నానా?" అన్నాను.

అది నా వైపు చూసింది. "లెక్కపెట్టలేదులే" అంది.

లెక్కపెట్టే ఉంటుంది. నాకు తెలుసు. ఆ మాట దానితో అనలేదు. మర్నాడు ఆరున్నరకి గుమ్మంలో నిలబడి, ఏం అడగాలో తోచక, ఉడికించిన వేరుసెనక్కాయల గిన్నె చేతికిచ్చాను. తీసుకుని అక్కడే మెట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. సగం గిన్నె అయ్యాక అదే మొదలుపెట్టింది, "అమ్మా, నా గెలాక్సీ చార్టుకి ఏమైందో తెలుసా..."